కదలని ఊగుడు కుర్చీ

నేను ఒక ఊగుడు కుర్చీని. పుట్టిన రోజున మాత్రం అంగుళం కూడా ఊగలేదు. నవ్వకండి, తప్పు నాది కాదు!

నా రూపం మన దగ్గరది కాదు. ఎప్పుడో పాతకాలంలో అమెరికా పల్లెల్లో వడ్రంగులు ఇలాంటివి చేసేవారట. వీపుకు నిచ్చెన మెట్లలా నాలుగు పలకలు, కూర్చునే చోట నవారు అల్లిక, కాళ్ల కింద రెండు వంపు చెక్కలు. నగిషీ ఊసే లేదు. అలాంటిది ఒకటి మా ఊరి మిషన్ ఆసుపత్రి బంగళా వరండాలో ఉండేది. అమెరికా నుంచి వచ్చిన పెద్ద డాక్టరమ్మ అందులో ఊగుతూ వింటుంటే, నర్సు సలోమి ఎదురుగా నిలబడి ఏ రోగికి జ్వరం తగ్గిందో, ఏ బాలింత గంజి తాగిందో చెప్పేది. అలా ముప్పై ఒక్క ఏళ్లు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

రిటైరైన వారానికే సలోమి వడ్రంగి మోహనాచారి దగ్గరికి వెళ్లింది. అప్పటికి ఆ పాత కుర్చీని చెదలు తినేశాయి.

“కొలతల కాగితమేదమ్మా?”

“కాగితమెందుకు? రోజూ చూసినదేగా!” అని గాలిలోనే చేత్తో గీసి చూపించింది.

“దొరసానుల కుర్చీ మీకెందుకు సిస్టరమ్మా? మంచి పడక కుర్చీ చేసిపెడతా, హాయిగా కాళ్లు చాపుకోండి.”

“నాకు చాపుకోవడం కాదు, ఊగడం కావాలి.”

రెండు నెలలు పట్టింది. నాలో ఒక్క మేకు లేదు, గర్వంగా చెబుతున్నాను. అయితే ఆచారికి ఒక పట్టింపు ఉంది. ఆయన చేసిన పీట కూడా కదలకూడదు. చివరి రోజు నన్ను నేలమీద పెడితే నేను అటూ ఇటూ ఊగాను. ఆయన ప్రాణం విలవిల్లాడింది. చెయ్యి దానంతటదే చిత్రిక అందుకుని, నా వంపుల అడుగు చదును చేసేసింది. అలవాటు అలాంటిది మరి!

ఆదివారం చర్చి నుంచి తెల్లచీరలో సలోమి నేరుగా వచ్చింది. కూర్చుంది. కాలితో నేలను తన్నింది. నేను కదిలితేగా!

“చూడండమ్మా, రాయిలా ఎలా నిలబడిందో!” అన్నాడు ఆచారి మురిసిపోతూ.

ఆమె ముఖం వాడిపోయింది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆమె మెల్లగా లేచింది.

“మీరొకసారి కూర్చోండి ఆచారి గారూ.”

“అయ్యో, చేయించుకున్నవాళ్ల కుర్చీలో మేం కూర్చోమమ్మా. మా నాన్నా ఎన్నడూ కూర్చోలేదు.”

“కూర్చోండి. ముప్పై ఒక్క ఏళ్లు నాతో ఎవరూ అనని మాట ఇది. మీతో నేనంటున్నాను.”

ఆయన చేతిలోని చిత్రిక పక్కన పెట్టాడు. అంచున కూర్చుని కాలితో తోశాడు, మళ్లీ తోశాడు. అప్పుడర్థమైంది.

“అయ్యయ్యో! ఊగాల్సినదాన్ని నిలబెట్టేశానే!”

నన్ను తలకిందులు చేసి, మూడు రోజులు కూర్చుని వంపులు మళ్లీ చెక్కాడు. నాలుగో రోజు సలోమి కూర్చుని కాలి బొటనవేలితో నేలను తాకిందో లేదో, నేను వెనక్కి వెళ్లాను, ముందుకు వచ్చాను. “ఊగుతోంది! ఊగుతోందయ్యా!” అని ఆమె వీధి వీధంతా వినపడేలా అరిచింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. అంత సంతోషం నేను మోయగలనని నాకే తెలియదు.

ఇప్పుడు ఆమె వరండాలో ఎవరూ నిలబడి మాట్లాడరు. ఆసుపత్రి నుంచి కొత్త నర్సులు వచ్చినా, పాలమ్మాయి వచ్చినా, ముందు వాళ్లను నాలో కూర్చోబెట్టి తను పీట వేసుకుంటుంది. అందరూ కాసేపు ఊగి లేచిపోతారు. మోహనాచారి వచ్చాడంటే మాత్రం ఓ పట్టాన లేవడు.