తారురోడ్డు ఎక్కాక

మూడోనాటి జియారత్ అయిన మర్నాడే ఇషాక్ బండి తీశాడని ఊరు ఊరంతా నోరు నొక్కుకుంది. పెళ్లాం సఫూరా పోయి వారం తిరగలేదు, కంట చుక్క రాలేదు. "ఏడవరా, ఏడిస్తే తేలికవుతుంది" అని అక్క నస్రత్ మొత్తుకుంది. చెబితే వచ్చేదా ఏడుపు? అతనికీ అదే భయం. ఇన్నేళ్ల కాపురానికి నా దగ్గర ఉన్నది ఇంతేనా అనుకున్నాడు.

బాపయ్య మిరపకాయలు కల్లంలో ఉన్నాయి. వేళకాని వాన పట్టుకుని, ట్రాక్టరు నల్లరేగడిలో ఇరుసు దాకా దిగబడింది. ఏడాది కష్టం బస్తాల్లో నానిపోతుంటే, చావింటికి వచ్చి అడగలేక అడిగాడు.

"పద బాబాయ్" అన్నాడు ఇషాక్. కూర్చున్నా ఒకటే, లేచినా ఒకటే.

మిలిటరీ వేలంలో కొన్న ఆరుచక్రాల బండి అది. గేరుబాక్సు నుంచి వచ్చే బలాన్ని ఇంకో పెట్టె ముందు ఇరుసుకీ, వెనక రెండు ఇరుసులకీ పంచుతుంది. పంపకంలోనే తిరకాసుంది. ఏ చక్రం బురదలో పట్టు తప్పి గిరగిరా తిరుగుతుందో బలమంతా దానికే పోతుంది. గట్టినేల మీదున్న చక్రం ఊరికే చూస్తూ నిలబడుతుంది. మన ఇళ్లలోనూ అంతేగా, గోల చేసేవాడికే పెద్ద ముద్ద. అందుకే లాక్. ఆ లీవరు లాగితే అన్నీ కలిపి కట్టేసినట్టు ఆరు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి.

ఇషాక్ లాక్ వేసి చేలోకి దిగాడు. బస్తాలన్నీ ఎక్కించి పట్టా కప్పారు. బండి బురద తొక్కుకుంటూ డొంక దాటింది.

"నన్ను గట్టెక్కించావురా" అన్నాడు పక్కసీట్లో బాపయ్య. ఇషాక్ తలూపాడు. సంతోషమూ రాలేదు.

తారురోడ్డు ఎక్కాక మలుపులో స్టీరింగు బిగదీసింది. బలవంతాన తిప్పాడు. మలుపులో ఒక్కో చక్రం ఒక్కో దూరం పోవాలి. బురదలో అయితే జారి సర్దుకుంటుంది. తారు మీద చక్రం జారదు, లాక్ వదలదు, మెలి అంతా షాఫ్టులో పేరుకుంటుంది. కింద టప్పున విరిగి బండి ఆగిపోయింది.

"ఏమైంది ఇషాకూ?"

"లాక్ తియ్యలేదు బాబాయ్. తియ్యమని చెప్పలేదు."

"నాకేం తెలుసురా దాని సంగతి?"

"నువ్వు కాదు."

బాపయ్య తను కూర్చున్న సీటు వంక చూసుకుని, కాస్త పక్కకి జరిగాడు. అది సఫూరా సీటు. క్లీనరైనా ఆవిడే, తోడైనా ఆవిడే. తారు కనపడగానే, కునుకులో ఉన్నా సరే, "లాక్ తియ్" అనేది. ఇషాక్ ఏనాడూ తనంతట తాను తీసి ఎరగడు. ఇవాళా లీవరు మీద చెయ్యేసి ఆ మాట కోసమే ఆగాడు.

స్టీరింగు మీద తల పెట్టుకుని గొల్లుమన్నాడు.