అంచు లేని వీధి

మా వీధి కొత్త నేలని అందరూ మెచ్చుకుంటుంటే పొంగిపోయాను. నక్షా గీసింది నేనే మరి. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య ఉండే రాతి గట్టు తీయించేసి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకే మట్టంగా రాళ్ళు పరిపించాను. కార్లు బంద్. మధ్యలో బస్సు వెళ్ళే దారి మాత్రం ఉంచాం. ఎక్కడం, దిగడం, ముసలివాళ్ళు తట్టుకుని పడటం ఇక లేవు.

ప్రారంభం రోజు పొద్దున్నే ఒకావిడ పసివాడి చక్రాల బండి తోసుకుంటూ, ఫోన్లో మాట్లాడుతూ, హాయిగా బస్సు దారిలోకి వెళ్ళిపోయింది. హారన్ మోగితే ఉలిక్కిపడి పక్కకొచ్చింది.

"రోడ్డు మీదకొచ్చానని తెలీనే లేదండీ!" అని నవ్వింది.

అప్పుడు గుర్తొచ్చాడు అన్నయ్య!

అన్నయ్యకి చూపు లేదు. ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. కర్రతో గట్టు అంచు తడుముకుంటూ ఒక్కడే వెళ్తాడు. తోడొస్తానంటే కస్సుమంటాడు. పని జరిగినన్నాళ్ళూ వెనక సందులోంచి వెళ్ళాడు. ఇవాళ కొత్త వీధిలోంచి రమ్మని నేనే బతిమాలాను. దుకాణాలవాళ్ళని అడిగాను, చక్రాల కుర్చీలవాళ్ళని అడిగాను. అన్నయ్యని అడగాలని మాత్రం తట్టలేదు. ఇంట్లోవాడేగా!

ఫోన్ చేశాను. ఎత్తడు. నడిచేటప్పుడు చెవులు దారి మీదే పెడతాడు. పరుగందుకున్నాను. రిబ్బను దగ్గర నిలబడ్డ పెద్దసారు "ఎక్కడికమ్మా, టైమయింది!" అంటున్నా ఆగలేదు.

మలుపు దగ్గర కనిపించాడు. కర్ర అటూ ఇటూ ఆడిస్తున్నాడు. అంచు తగలడం లేదు. ఇంకాస్త ముందుకెళ్తే తగులుతుందనుకున్నాడు కాబోలు, బస్సు దారి మధ్యకి వచ్చేశాడు. అప్పుడే బస్సు మలుపు తిరిగింది.

"అన్నయ్యా, ఆగు!" అని అరిచాను.

ఆగాడు. సరిగ్గా బస్సుకి ఎదురుగా ఆగాడు. ఏం అరిచానో అప్పటికి గాని నాకు తెలిసిరాలేదు. బ్రేకులు కీచుమన్నాయి. చొక్కా పట్టుకుని లాగాను. ఇద్దరం రాళ్ళ మీద పడ్డాం. డ్రైవరు ఇద్దర్నీ కలిపి తిట్టి వెళ్ళిపోయాడు.

కర్ర వెతికి చేతికిచ్చాను. దాన్ని మడిచి సంచిలో పెట్టేసుకుని, నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"రాళ్ళు బాగున్నాయే, నున్నగా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు.

"రేపట్నుంచి నన్ను ఆసుపత్రి దగ్గర దింపి వెళ్తావా, అమ్మా?"