రాతి మీద మరికొందరు

మా దీవిలో నా చేతిరాత తెలియనివాళ్లు లేరు. గొప్పలు పోతోందనుకుంటే అనుకోండి, ఉన్న మాట చెప్పడానికి నాకేం మొహమాటం? మా నాన్న ఇక్కడి బడిలో మాస్టారు. పాత పేపర్ల మీద కుంచె పట్టించి, గీత వంకర పోతే చేతి మీద ఒకటి అంటించి మరీ నేర్పించాడు. పెళ్లి శుభలేఖలు, శవం ముందు పట్టుకెళ్లే గుడ్డల మీది పేర్లు, పడవల ముక్కు మీది పేర్లు, చర్చి బోర్డు, అన్నీ నా చేతివే. వాటన్నిటికంటే పెద్దది చర్చి గుమ్మం పక్కన నిలబెట్టిన రాయి.

పెద్ద తుఫానులో చర్చి గోడలు కూలిపోయినప్పుడు మళ్లీ కట్టుకున్నాం. ఆ జ్ఞాపకంగా పెట్టిన రాయి అది. నేను కాగితం మీద కుంచెతో రాసిస్తే, అవతలి ఒడ్డు నుంచి వచ్చిన శిల్పి ఆ కాగితాన్ని రాతికి అంటించి, గీత గీతా చెక్కాడు. అట్టడుగున ‘అక్షరాలు: ప్యో ఇన్సన్’ అని ఉండేది. ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం లోపలికి వెళ్లేముందు దానివైపు ఓసారి చూసేదాన్ని. ప్రార్థన కంటే ముందు అదే నా ప్రార్థన అనుకోండి.

సియోల్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది మా సంఘానికి ఎనభై ఏళ్లు నిండాయి. పండగకి బైబిల్లో మొదటి ఐదు కాండాలూ మా చేతులతో రాసి, బైండు చేయించి, ప్రసంగం బల్ల ముందు అద్దాల పెట్టెలో పెడదామని పాస్టరు యాంగ్ గారు అన్నారు. పెట్టెలో పుస్తకం మొదటి పేజీ తెరిచి ఉంటుందట. వచ్చినవాళ్లు ముందు చూసేది ఆ పేజీనే. ఆ మాట వినగానే అందరూ నావైపు తిరిగారు. నేను తల వంచుకున్నాను, కాని లోపల నా కుంచెకి అప్పుడే సిరా అద్దుకుంటున్నాను.

తీరా పాస్టరుగారు చీట్లు వేశారు. ఎండిన సొరకాయ డిప్పలో కాగితాలు మడిచి వేసి, తలా ఒకటి తీయమన్నారు. మొదటి పేజీ, ఆదికాండం మొదటి అధ్యాయం, మెంగ్ కుత్సున్‌కి వచ్చింది.

కుత్సున్ మా పక్కింటావిడ. ఆల్చిప్పలు ఒలిచే షెడ్డులో పని. ఐదుగురు ఆడపిల్లల తర్వాత ఆరోదిగా పుట్టిందని, ఇక చాలు అన్న అర్థమొచ్చేలా ఆ పేరు పెట్టారు. నలభై దాటాక చర్చిలో అక్షరాలు నేర్చుకుంది. ఆ రాత పీతలు ఇసుకలో పరిగెత్తినట్టు ఉంటుంది. నాకేమో సంఖ్యాకాండం ఏడో అధ్యాయం వచ్చింది. ఇంటికెళ్లి తెరిచి చూస్తే ఎనభై తొమ్మిది వచనాలు. పన్నెండు గోత్రాల పెద్దలు రోజుకొకరు చొప్పున పన్నెండు రోజులు కానుకలు తెస్తారు. అందరూ తెచ్చేది ఒకటే. ఒక వెండి పళ్లెం, ఒక వెండి గిన్నె, రెంటి నిండా నూనె కలిపిన పిండి, ధూపంతో నిండిన బంగారు పాత్ర, ఒక కోడెదూడ, ఒక పొట్టేలు, ఒక గొర్రెపిల్ల, ఒక మేకపోతు, ఇంకా సమాధానబలికి మందలో నుంచి కొన్ని. ఇదే, మాట పొల్లు పోకుండా, పన్నెండుసార్లు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే షెడ్డుకి వెళ్లాను. కుత్సున్ రబ్బరు చేతితొడుగులు వేసుకుని, కత్తి మొనతో చిప్పలు విప్పుతోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు, ఎవరి ముందు వాళ్ల గుట్ట.

“ఏమే కుత్సున్, నీ చీటీ నాకిచ్చి నాది నువ్వు తీసుకోరాదూ?” అన్నాను, చిలగడదుంపల బుట్ట పక్కన పెట్టి.

“దుంపలు చూడగానే అనుకున్నాలే అక్కా, ఏదో పనిబడే వచ్చావని.” పక్కవాళ్లు కిసుక్కున నవ్వారు. “నీకు ఏ చీటీ వచ్చిందేం?”

“సంఖ్యాకాండం. నీకేం, నెమ్మదిగా రాసుకోవచ్చు. ఒకసారి నేర్చుకుంటే పన్నెండుసార్లూ అదే.”

“అంత సుఖమైతే నువ్వే రాసుకోక నాకెందుకిస్తావు?”

ఈసారి షెడ్డంతా నవ్వింది. నాకు ముక్కు మీదకొచ్చింది కోపం. “పదిమంది చూసే పేజీ అది. నీ రాతతో పెడితే సంఘం పరువేం కాను?”

దాని చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. “నిజమే అక్కా. నా రాత సంగతి నాకు తెలీదా? కాని చేతికి ఏదొస్తే అది రాస్తానని దేవుడికి మాటిచ్చి మరీ తీశాను. ఇప్పుడు మార్చుకుంటే ఆయనేమనుకుంటాడు? దుంపలు మాత్రం ఉంచి వెళ్లు, పిల్లలు తింటారు.”

దుంపలూ పోయాయి, పేజీ కూడా పోయింది. ఇంటికొచ్చి కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజు యూదా పెద్ద నయస్సోను. నాన్న చూస్తే మెచ్చుకునేలా రాశాను. రెండో రోజు నెతనేలు, మూడో రోజు ఏలీయాబు. నాలుగో రోజుకి వచ్చేసరికి చేతికి కాదు, మనసుకి తిమ్మిరెక్కింది. ఎవరు చదువుతారు ఇది? పెద్ద పేరు రాసి, గోత్రం రాసి, ‘పైన చెప్పినట్టే తెచ్చెను’ అని రాశాను. ఐదో రోజుకీ అంతే. అలా పన్నెండో రోజు దాకా లాగించేశాను. మిగిలిన జాగాలో అక్షరాలు పెద్దవిగా, విశాలంగా వచ్చాయి. పేజీ చూడముచ్చటగా ఉంది. దేవుడికి కూడా నచ్చుతుందనే అనుకున్నాను, అబద్ధమెందుకు?

పాస్టరుగారు ఇంకో నియమం పెట్టారు. ఎవరు రాసింది వాళ్లే సరిచూసుకోకూడదు. పక్కింటివాళ్లు పైకి చదువుతుంటే రాసినవాళ్లు అచ్చు బైబిల్లో చూడాలి. ఒకరోజు మధ్యాహ్నం చర్చి పక్కగదిలో, అడుగున పొయ్యి సెగతో వెచ్చబెట్టిన నేల మీద కుత్సునూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. ముందు దానిది నేను చదివాను. ఒక్క తప్పయినా దొరికితే బాగుండునని వెతికాను. పీతలన్నీ సక్రమంగానే నడిచాయి. ఒక్క మాట తగ్గలేదు, ఒక్క చుక్క పోలేదు.

తర్వాత నాది అది అందుకుంది. నా బైబిలు కూడా తన ముందే పెట్టుకుని, కత్తిగాట్లు పడ్డ వేలు ఒక్కో అక్షరం కింద జరుపుతూ పైకి చదువుతోంది. మూడు రోజులు సాఫీగా సాగాయి. నాలుగో రోజు దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లింది. పుస్తకంలో చూసింది.

“అక్కా, ఎలీసూరు పళ్లెం ఏది?”

“పైన చెప్పినట్టే అని ఉందిగా.”

“పుస్తకంలో పళ్లెం ఉందే. గిన్నె ఉంది. కోడెదూడ ఉంది.”

“అన్నీ ఒకటే కదే! అదే పళ్లెం, అదే మేకపోతు. పన్నెండుసార్లు చెబితేగాని అర్థం కానంత మొద్దులా చదివేవాళ్లు?”

కుత్సున్ వేలు అక్కడే ఉంచి ఆలోచించింది. “ఒకటేనని దేవుడికి మాత్రం తెలీదా అక్కా? తెలిసీ ఎందుకు రాయించాడంటావు?”

నేను పేజీ తిప్పబోయాను. అది వేలు తీయలేదు.

“నాకేమనిపిస్తుందంటే, ఈ ఐదో రోజు ఆయన, షెలుమీయేలు, నాలుగు రోజులు వరసలో నిలబడ్డాడు కదా. పళ్లెం తోమి పెట్టుకుని, పొట్టేలు ఎక్కడ తప్పించుకుంటుందోనని కాపలా కాసుకుంటూ. తీరా తన వంతు వచ్చాక ‘నీదీ అంతేలే, పక్కన పెట్టు’ అంటే ఆయనకెట్లా ఉంటుంది? దేవుడేమో మొదటాయన పళ్లెం ఎట్లా చూశాడో, పన్నెండో ఆయనదీ అట్లాగే చూసి రాయించాడు.”

“నీకేం తెలుసే ఆయనకెట్లా ఉంటుందో?” అన్నాను, ఓడిపోతున్న మనిషి కసిరినట్టు.

“తెలుసులే అక్కా.” నవ్వింది. “బయట రాతి మీద నేను మరికొందరిలో ఉన్నానుగా.”

ఏ రాయి అని అడగక్కర్లేదు. నా రాయే. ‘సంఘపెద్ద తాక్, పడవ యజమాని ఓ, కలప ఇచ్చిన నమ్, మాస్టారు ప్యో, మరికొందరు స్త్రీలు.’

“నలభై ఒకటో ఏట నాకు చదవడం వచ్చింది. వచ్చిన రోజే రాయి దగ్గరికి పరిగెత్తాను. గోడ కట్టినవాళ్ల పేర్లన్నీ దాని మీద ఉన్నాయని అందరూ అనేవాళ్లు కదా. ఆ చలికాలమంతా తీరం నుంచి నెత్తి మీద రాళ్లు మోశాను. కడుపులో మా పెద్దాడు. వేలు పెట్టి గంటసేపు చదివాను. నా పేరు కనపళ్లేదు. నాకింకా చదవడం సరిగ్గా రాలేదేమోనని మళ్లీ మొదటినుంచి చదివాను. అప్పుడు తెలిసింది, మరికొందరంటే నేనేనని.” మళ్లీ పేజీ మీదకి వంగింది. “సర్లే, ఆరో రోజు చదవనా?”

“వద్దు,” అన్నాను. కాగితాలు లాక్కున్నాను. మరికొందరు అని రాయమన్నది సంఘపెద్దలు కాదు. వాళ్లు రాళ్లు మోసిన ఆడవాళ్లు ఇరవై ముగ్గురి పేర్లూ రాయమనే అన్నారు. అన్ని పేర్లు పడితే అక్షరాలు చిన్నవైపోయి రాయి అందం చెడుతుందని నచ్చచెప్పింది నేను. ఆ చలికాలంలో నేను ఒక్క రాయి మోయలేదు. చేతులు బరకబారితే కుంచె నిలవదని మా నాన్న వెళ్లనివ్వలేదు.

ఆ అధ్యాయం మొదటినుంచి మళ్లీ రాశాను. ఈసారి ఏ రోజునీ తగ్గించలేదు. ఏడో రోజు ఎలీషామా పళ్లెం రాస్తుంటే బిడ్డని వీపున కట్టుకుని రాళ్లు మోసిన చిల్బొక్ వాళ్లమ్మ గుర్తుకొచ్చింది. తొమ్మిదో రోజు అబీదాను గిన్నె దగ్గర, మంచు మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుని, మర్నాడు రెండో చేత్తో మోసుకొచ్చిన షెడ్డు మేస్త్రి భార్య. ఇన్నేళ్లు చర్చిలో వాక్యం చదివాను, ఎంతో చక్కగా చదువుతానని పేరు కూడా ఉంది. ఎవరినో సరిదిద్దడానికి చదివాను తప్ప, దాన్ని నన్ను సరిదిద్దనివ్వలేదు. పన్నెండో రోజు అహీర తన మేకపోతుని తోలుకుని వచ్చేసరికి, ఆయన కోసం లేచి నిలబడాలనిపించింది.

పండగ ఇంకా నెలన్నర ఉంది. సంఘపెద్ద తాక్ గారి దగ్గరికి వెళ్లి కొత్త రాయి కావాలన్నాను.

“ఇన్సన్‌గారూ, ఆ రాయికేం వచ్చింది? ఊళ్లోకెల్లా అందమైనది అదే కదా!”

“అందంగానే ఉందండీ, తప్పల్లా అదే. ఇరవై ముగ్గురి పేర్లూ రాయాలి. ఒక్కొక్కరికీ ‘రాళ్లు మోసెను’ అని విడిగా రాయాలి.”

“ఒకే ముక్క ఇరవై మూడుసార్లా? శిల్పి నవ్విపోతాడు.”

నేను సంఖ్యాకాండం తెరిచి ఆయన ముందు పెట్టాను. “నవ్వితే ఇదిచ్చి చదువుకోమనండి. నేను చదువుకున్నాను.”

ముసలాయన కళ్లజోడు పెట్టుకున్నాడు. నాలుగో రోజు దాకా చదివి, వేలు మడిచి, ఐదో రోజూ చదివాడు. ఆపైన శిల్పికి కబురు పంపమన్నాడు.

పేర్లు దొరకడమే గగనమైంది. మా దగ్గర పెళ్లయిన ఆడదాన్ని ఎవరు పేరు పెట్టి పిలుస్తారు? ఫలానా వాడి అమ్మ, ఫలానా ఊరి పిల్ల, అంతే. ఆరుగురు చనిపోయారు. ఇంటింటికీ తిరిగాను. చిల్బొక్‌ని వాళ్లమ్మ పేరడిగితే నీళ్లు నమిలి, పంచాయతీ ఆఫీసుకెళ్లి కాగితం తెచ్చాడు. “పుల్‌ఇప్ అట, పెద్దమ్మా. మా అమ్మ పేరు పుల్‌ఇప్,” అని రెండుసార్లు అన్నాడు. ఇరవై మూడూ దొరికాయి. నా జన్మలో అంత చిన్న అక్షరాలు ఎప్పుడూ రాయలేదు, అంత జాగ్రత్తగానూ రాయలేదు. పాత రాయిని తీసి మెట్టు కింద బోర్లా వేయించాను.

పండగ రోజు అవతలి ఒడ్డు నుంచి పెద్ద పాస్టరుగారు వచ్చారు. అద్దాల పెట్టె మీదకి వంగి చూసి, “మొదటి పేజీ పిల్లలెవరో రాసినట్టున్నారే?” అన్నారు చిరునవ్వుతో.

నేను ముందుకొచ్చాను. “కాదండీ. మా కుత్సున్ రాసింది. ఒక్క తప్పు లేదు. నేనే సరిచూశాను.” అంత గర్వంగా ఎప్పుడూ ఏ మాటా అనలేదు, నా రాత గురించి కూడా.

ఆరాధన అయ్యాక అందరూ ఆల్చిప్పల గంజి కోసం బల్లల దగ్గరికి వెళ్లారు. కుత్సున్ కనపళ్లేదు. బయటికొచ్చి చూస్తే కొత్త రాయి ముందు గొంతుక్కూచుని ఉంది. పండగ బట్టలు నేలకి తగులుతున్నాయి. వేలు ఒక్కో అక్షరం కింద జరుపుతూ పైకి చదువుతోంది.

“బెక్ పుల్‌ఇప్ రాళ్లు మోసెను. సొక్ కన్నాన్ రాళ్లు మోసెను...”

తన పేరు ఎక్కడుందో వెతుక్కోలేదు. వరసలో ఒక్కొక్కరినీ పలకరిస్తూ కిందికి వస్తోంది. నేను వెనకాలే నిలబడ్డాను. చిట్టచివర ఆగింది. నెమ్మదిగా, ఒక్కో ముక్కా నోట్లో నానబెట్టి చదివింది.

“మెంగ్ కుత్సున్ రాళ్లు మోసెను.”

చాలాసేపు వేలు తీయలేదు. తర్వాత రాయి అడుగుదాకా తడిమి చూసి, వెనక్కి తిరిగింది. “అక్కా, నీ పేరేదీ?”

“నేను మోయలేదు కదే.”

“రాసింది నువ్వేగా!”

“ఆ పళ్లేలూ గిన్నెలూ కూర్చుని రాసినాయన, ఆ అధ్యాయంలో తన పేరేమైనా పెట్టుకున్నాడా?”

అది నవ్వింది, కళ్లు తుడుచుకుంటూనే. “పెట్టకపోతేనేం, ఈ రాత ఎవరిదో గుడ్డివాళ్లకి కూడా తెలుస్తుంది.”

నా రాతని మెచ్చుకున్నవాళ్లు ఈ దీవి నిండా ఉన్నారు. అందరూ చూసి, ఎంత బాగుందో అని వెళ్లిపోయినవాళ్లే. కుత్సున్ మళ్లీ రాయివైపు తిరిగి, మొదటి పేరు కింద వేలు పెట్టి, పైకి చదవడం మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని విన్నాను.