రెండో నంబరు సీటు

నా పొడుగు ఐదడుగులకు ఒక వేలు తక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథంతా దాని మీదే నడుస్తుంది. పేరు కుళ్లాయప్ప. ధర్మవరంలో కృష్ణకాంత్ పట్టుచీరల కొట్టుకు పంతొమ్మిదేళ్లుగా డ్రైవర్‌ని. ఆయనకు పద్దెనిమిదో ఏట స్టీరింగు పట్టుకోవడం నేర్పింది నేనే. బండి తీసే ముందు రోజూ, "బ్రేకు అందుతాందా?" అని అడిగేవాణ్ణి. ఆయన ఆరడుగుల మనిషి, అందకేం? అది నా దిగులు. పొట్టివాడికి బండి ఎక్కగానే గుర్తొచ్చేది బ్రేకే.

పోయిన వేసవిలో ఆయన బెంగళూరులో ఒక పెద్ద కారు కొన్నాడు, సెకండ్‌హ్యాండ్‌ది. డ్రైవరు సీటు బటన్లతో కదులుతుంది. తలుపు మీద ఒకటి, రెండు అని రెండు బటన్లు. ఎవరికి సరిపడేట్టు వాళ్లు సీటు జరుపుకుని ఆ నంబరులో దాచుకుంటే, మళ్లీ నొక్కినప్పుడు సీటు తనంతట తానే అక్కడికి వచ్చి నిలుస్తుంది. ఒకటి కృష్ణకాంత్‌ది, రెండు నాది. నడుము వెనక దిండు పెట్టుకోకుండా నేను నడిపిన మొదటి బండి అదే. అంత పెద్ద కారుకు నేను గుర్తుండటం చాలా గర్వంగా ఉండేది. ఇంట్లో పదేపదే చెబుతుంటే, ఇంక ఆ సీటుతోనే కాపురం చెయ్యి పో అంది నా భార్య సోమక్క.

దసరా అయిన వారానికి ఆ సీటుకు ఏదో పట్టింది. రెండు నొక్కితే సగం దూరం వచ్చి ఆగేది. ఒక్కోసారి ఏమీ నొక్కకుండానే జరిగేది. రెండుసార్లు బెంగళూరు తీసుకెళ్లాం. వాళ్లు కంప్యూటరు తగిలించి, కూర్చుని, లేచి, ఏ లోపమూ లేదని కాగితం చేతిలో పెట్టారు. కృష్ణకాంత్ కూర్చున్నప్పుడూ అది బుద్ధిగానే ఉండేది. లోపం సీటులో లేకపోతే ఇక మిగిలింది నేను.

మొన్న బుధవారం పొద్దున కృష్ణకాంత్‌నూ వాళ్లమ్మ విశాలాక్షమ్మనూ హిందూపురం కొట్టుకు తీసుకెళ్తున్నాను. పెనుకొండ ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా సీటు ఉన్నట్టుండి వెనక్కి జారింది. నా కాలికి బ్రేకు అందలేదు. ముందర రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద. స్టీరింగు పట్టుకుని వేలాడి, సీటు అంచుకు జారి, కాలి వేలి కొసతో బ్రేకు తొక్కి బండిని రోడ్డు పక్క కంపచెట్లలో నిలిపాను. గొర్రెలకు ఏమీ కాలేదు. విశాలాక్షమ్మకు మాత్రం ముందు సీటు తగిలి నుదురు బొప్పి కట్టింది.

కృష్ణకాంత్ దిగివచ్చి నా తలుపు తీశాడు.

"నిద్రపోయినావా?"

లేదని, సీటు జారిందని చెప్పాను.

"నీకొక్కనికే జారుతుందా అది? మాయమ్మకు ఏమన్నా అయ్యింటే? రేపట్నుంచి కొట్లో చీరలు మడతబెట్టు. ఇంక బండి ముట్టొద్దు."

నాకు కోపం వస్తే నోరు మూతపడుతుంది. తాళం ఆయన చేతిలో పెట్టి పక్క సీట్లో కూర్చున్నాను. ఒక చిన్న దెబ్బ కూడా తగిలించకుండా నడిపిన పంతొమ్మిదేళ్లు ఆ కంపచెట్లలో పోయాయి. చీరలు మడతపెట్టడం తప్పుపని కాదు, కానీ నిద్రపోయి గొర్రెల మీదికి పోయినోడని ఊరంతా అనుకుంటే నేను బతకలేను. పెనుకొండ వస్తుండగా ఒక్క మాట అడిగాను: మెకానిక్కు వెన్నెలకు ఒకసారి చూపించి, ఆపైన మీ ఇష్టం అని. విశాలాక్షమ్మ కూడా చూపించమనడంతో ఆయన సరేనన్నాడు.

వెన్నెలది ఎర్రమంచి పక్క పల్లె. ఇంట్లోవాళ్లు గొర్రెలు కాస్తారు. ఐటీఐ చదివి, అక్కడి కార్ల ఫ్యాక్టరీకి సీట్లు చేసి ఇచ్చే ఒక కంపెనీలో ఐదేళ్లు సీట్ల కింద వైర్లు బిగించింది. ఇప్పుడు పెనుకొండ దాటగానే హిందూపురం రోడ్డులో సొంతంగా ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు నడుపుతోంది. నేను చూసిన మెకానిక్కులంతా బండి ఆగీ ఆగకముందే స్పానర్ అందుకుంటారు. ఈ పిల్ల మాత్రం ముందు స్టూలు లాక్కుని కూర్చుని అడుగుతుంది. ఎప్పటినుంచి, ఎండలోనా వానలోనా, సీటు ముందున్నప్పుడా వెనకున్నప్పుడా, ఎవరు కూర్చుంటే. డాక్టర్లు కూడా ఇంత ఓపిగ్గా అడగరు.

షెడ్డు ముందు దిగగానే కృష్ణకాంత్ బెంగళూరు కాగితం చూపించాడు. ఆమె మర్యాదగా చదివి తిరిగి ఇచ్చింది.

"వాళ్లు చూసేటప్పుడు ఈ అన్నను కూర్చోబెట్టినారా సార్?"

డ్రైవర్లను లోపలికి రానివ్వరని ఆయన చెప్పాడు.

"అదే మరి. కూర్చునే మనిషిని బయట నిలబెట్టి సీటును చూస్తే ఏం తెలుస్తుంది?"

ముందు కృష్ణకాంత్‌ను కూర్చోబెట్టి సీటు జరిపించింది. ఏమీ లేదు. తర్వాత నన్ను ఎక్కమంది. నేను ఆయన మొహం చూశాను. ఆయన తల ఊపాక ఎక్కాను. వెన్నెల టార్చి పట్టుకుని వెనక సీటు ముందు నేల మీద వెల్లకిలా పడుకుని, నా సీటు కిందికి తల దూర్చింది. నెమ్మదిగా ముందుకు జరపమంది. నేను జరుపుతుంటే కింద ఆమె ఊపిరి కూడా వినిపించలేదు. ఆ మోటారు చప్పుడు ఆమె విన్నంత శ్రద్ధగా నా మాట ఇంతవరకూ ఎవరూ విని ఉండరు.

సీటు నా చోటికి వచ్చి ఆగింది. బటన్ మీంచి చెయ్యి తీసి, కనబడేట్టు రెండు చేతులూ ఎత్తి పట్టుకున్నాను. ఒక్క క్షణం ఊరుకుని, ఎవరూ ముట్టకుండానే సీటు జర్రున వెనక్కి పోయింది. వెన్నెల తల చటుక్కున పక్కకు తీసుకుంది. కృష్ణకాంత్ నా చేతులవైపే చూస్తూ నిలబడ్డాడు.

వెంటనే విప్పుతుందేమో అనుకున్నాను. విప్పలేదు. బ్యాటరీ వైరు తీసేసి, సీటు కింద ఎయిర్‌బ్యాగు తీగ కూడా ఉంటుందని, పది నిమిషాలైనా ఆగాలని చెప్పి, టిఫిన్ డబ్బా తెరిచి సంగటి తింది. కృష్ణకాంత్ మూడుసార్లు గడియారం చూసుకున్నాడు. ఆమె చెయ్యి కడుక్కుని, నాలుగు బోల్టులు విప్పి, ఏది ఎక్కడిదో తెలిసేట్టు స్టీలు పళ్లెంలో నాలుగు మూలలా పెట్టింది. సీటును పసిపిల్లను పడుకోబెట్టినట్టు వెనక్కి వాల్చింది.

కింద వైర్లన్నీ వచ్చి కలిసే ప్లగ్గుకు మూత ఒక పక్క విరిగి ఉంది. ఆ వైర్ల కట్టకు తొమ్మిది చుట్లు చుట్టి, ముడివేసి, కుంకుమ పెట్టిన బంగారు రంగు పోగు. సీటు వెనకున్నప్పుడు అది వదులుగా వేలాడుతోంది. బాగా ముందుకొస్తే వైర్లతో పాటు సాగి, విరిగిన మూతలోంచి లోపలి పిన్నులను తాకుతోంది. అంత ముందుకు జరుపుకునే పొట్టివాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే.

వెన్నెల పోగును కత్తిరించలేదు. దేవుని పేరున కట్టిందని చూడగానే తెలుసుకుని, ముడి మీద ముడి గోటితో విప్పి కృష్ణకాంత్ చేతిలో పెట్టింది. ఆయన అలవాటు కొద్దీ దాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"అసలు జరీ," అన్నాడు.

వెన్నెల మీటరు తెచ్చి పోగు రెండు కొసలకూ దాని తీగల మొనలు ఆనించింది. కీమని మోగింది.

"అసలుదే సార్. లోపల రాగి ఉండాది, అందుకే కరెంటు పోతాంది. ప్లాస్టిక్ జరీ అయ్యింటే ఈ సీటు కదిలేది కాదు, ఈ అన్న మీద మాట పడేది కాదు."

అప్పటిదాకా కుర్చీలో కూర్చుని నుదుటికి తడిబట్ట పెట్టుకున్న విశాలాక్షమ్మ లేచి వచ్చింది. వాళ్ల ఇంట్లో ఆయుధపూజ నాడు మగ్గాలకూ తక్కెడకూ బండికీ అసలు జరీ పోగు కట్టడం ఆమె అత్తగారి నాటి ఆనవాయితీ. ఈ కారు లోపల దారాలూ నిమ్మకాయలూ వద్దని కొడుకు గట్టిగా చెప్పాడు. అందుకని పూజనాడు ఆమె వెనక సీట్లో కూర్చుని, ఎవరికీ కనబడకుండా వంగి కట్టేసింది.

"కట్టింది నేను," అంది కొడుకుతో. "బండి మంచిగుండాలని కట్టినా. ఈయప్ప వేలితో బ్రేకు తొక్కి మనల్ని కాపాడితే, నిద్రపోయినావా అంటివి. అనేదుంటే నన్ను అను."

కృష్ణకాంత్ పోగును మడిచి పళ్లెం పక్కన పెట్టాడు. తప్పయిందని చెప్పడం ఆయనకు రాదు. వాళ్ల నాయనకూ వచ్చేది కాదు.

వెన్నెల కొత్త ప్లగ్గు వేసి, టేపు చుట్టి, పళ్లెంలో బోల్టులు తీసిన వరసలోనే బిగించి, బ్యాటరీ వైరు తగిలించింది. నన్ను ఎనిమిదిసార్లు ముందుకూ వెనక్కూ జరిపించింది. సీటు చెప్పినమాట విన్నది. జరీ పోగును తల ఆనించుకునే దిండు కడ్డీకి చుట్టి, వచ్చే దసరాకు కూడా అసలుదే కట్టమని, కాకపోతే ఇక్కడ కట్టమని విశాలాక్షమ్మకు చూపించింది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్లకు దండం పెట్టాలనిపించింది. సిగ్గుపడి, బాగా చేసినావు పాపా అని మాత్రం అన్నాను.

"బ్యాటరీ తీసినాం కదా, దీనికిప్పుడు మనం ఎవరమూ గుర్తు లేము," అంది వెన్నెల, "మళ్లా చెప్పుకోవాల. ఒకటి సార్‌దే కదా?"

కృష్ణకాంత్ తాళం నా చేతిలో పెట్టాడు.

"ఒకటి కుళ్లాయప్పకు పెట్టు. నాది రెండు."

ఎక్కి, సీటు ముందుకు జరుపుకుని, వెన్నెల చెప్పినట్టు టింగుమనేదాకా ఒకటి నొక్కిపట్టాను. విశాలాక్షమ్మ వెనక ఎక్కింది. కృష్ణకాంత్ వెనక్కి పోలేదు. వచ్చి నా పక్కన కూర్చుని, బెల్టు పెట్టుకుని, నా కాళ్లవైపు చూశాడు.

"బ్రేకు అందుతాందా?" అని అడిగాడు.

అందుతాందని చెప్పి, బండిని హిందూపురం వైపు తిప్పాను.