కాగితపు కంప్యూటర్

ఈమధ్య హెడ్డుగారి గొంతు వింటేనే చిన్న మేడమ్ పక్క గదిలోకి తప్పుకుంటోంది. కాలేజీ కంప్యూటర్ డిపార్ట్‌మెంట్లో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. తొమ్మిదేళ్లుగా టెంపరరీ మరి. వచ్చే నెల పర్మనెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ. పెద్ద కాన్ఫరెన్సులో తన పేరుమీద ఒక్క ట్యుటోరియల్ ఉంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే.

అందుకే మనుషులు వాడే యంత్రాలను ఎలా తయారుచేయాలో చర్చించే ఓ కాన్ఫరెన్సుకు, ఒక పూట నేర్పే పాఠం ప్రతిపాదిస్తూ పన్నెండు పేజీలు రాసింది. హాస్పిటల్ కౌంటర్లో పనిచేసే వదిన, "మీరు చేసిన మిషన్ల ముందు ముసలివాళ్లు ఏడుస్తున్నారు తల్లీ, ఒక్కసారి వచ్చి చూడు" అని దెప్పిన రోజున పుట్టిన పాఠమది.

యంత్రం కట్టకముందే దాని తెరలన్నీ కాగితాల మీద గీయాలి. కొత్తమనిషిని కూర్చోబెట్టి, ఆ కాగితాల మీది బటన్లు నొక్కమనాలి. ఒకరు కంప్యూటర్ వేషం కట్టి, వేలు పడినదాన్నిబట్టి కాగితం మార్చాలి. పాఠం చెప్పేవాళ్లు పక్కన కూర్చుని, ఆ మనిషి ఎక్కడ తడబడుతున్నాడో చూడాలి. కంప్యూటరూ, పాఠం చెప్పేవాళ్లూ నోరు విప్పకూడదు. అదే అసలు కిటుకు. నలభై కాగితాలు గీసింది. నలభయ్యోది వదిన పట్టుబట్టి గీయించింది, కౌంటర్లో రోజూ కనిపించే తెర అదేనట.

"ఒకసారి చూసిస్తానమ్మాయ్" అని తీసుకున్న హెడ్డుగారు చూసీ ఇవ్వలేదు, ఆమెకు చెప్పకుండానే కాన్ఫరెన్సుకు పంపేశారు. పాఠం చెప్పేవాళ్లు ఇద్దరే ఉండాలని నియమం. మొదటి పేరు ఆయనది, రెండోది ఆయన అల్లుడిది. ఆ అల్లుడికి ఈ విద్యలో ఓనమాలు రావు. ఆమె పేరు ఎక్కడో అడుగున, 'సహాయం' అన్న గడిలో పడి ఉంది.

"నా పేరుంటేనే కదమ్మా వాళ్లు ఒప్పుకునేది. నువ్వు మా ఇంటిపిల్లలాంటిదానివి" అన్నారాయన.

"మరి ఇంటర్వ్యూలో ఏం చూపించను సార్?"

"నేనున్నాను కదా."

గుడినీ గుళ్లో లింగాన్నీ మింగి, ఆపైన ఆమె ముఖం మీద తేన్చినట్టుంది. ఛీ, ఏం మనిషి!

ఆ కాన్ఫరెన్సువాళ్లు ప్రతిపాదనలకు ఊరికే తలూపరు. కమిటీ ముందు పావుగంట చేసి చూపించాలి. ఆ రోజు కమిటీలోని పెద్దావిడే కొత్తమనిషిగా కూర్చుంది. చిన్న మేడమ్ కంప్యూటర్. పెద్దావిడ రెండు బటన్ల మధ్య వేలు ఆడిస్తూ ఆగింది. ఆ ఆగడమే పాఠం, ఆ తడబాటు కోసమే ఇంత తతంగమూ. నిమిషమైనా కాలేదు, హెడ్డుగారు ముందుకు వంగి, "ఎడమవైపుది మేడమ్" అన్నారు. మళ్లీ తడబడితే, "కాదు, దాని కిందది" అన్నారు. పావుగంటా అదే వరస. అల్లుడు తలాడించాడు. చిన్న మేడమ్ పళ్లు బిగబట్టుకుని కాగితాలు మార్చింది. తన పాఠం తన కళ్లముందే గొంతు పిసికించుకుంటుంటే, వీళ్లలో ఒక్కరికైనా తెలియకపోతుందా అని ఆశపడింది.

తెలియలేదు. నాలుగోరోజు హెడ్డుగారు తన గదికి పిలిచి, టీ జుర్రుతూ ఉత్తరం చదివారు. "ప్రతిపాదన అంగీకరించాం. హెడ్డుగారు ఎంతో ఓపికగా దారి చూపించారు. కంప్యూటర్ చక్కగా పనిచేసింది. దాన్నే తీసుకురాగలరు."

"చూశావా, నిన్నూ మెచ్చుకున్నారు. నువ్వు లేకపోతే బండి కదలదమ్మాయ్."

దాన్నే. ఆమెకు ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది. కాదంటే పోస్టు పోతుందని తెలుసు, ఇంటర్వ్యూలో కూర్చునేదీ ఈయనే. అయినా చేతిలోని కాగితాల ఫైలు తెరిచి, ముప్పైతొమ్మిది కాగితాలు చంకన పెట్టుకుని, నలభయ్యోది ఆయన టీకప్పు ముందు పెట్టింది.

'యంత్రం పనిచేయడం లేదు. దయచేసి వేరేచోట ప్రయత్నించండి.'

హెడ్డుగారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇదేంటమ్మాయ్? ఇందులో ఏం నొక్కాలి?"

కంప్యూటర్ నోరు విప్పకూడదు. ఆమె తలుపు తీసుకుని బయటికి నడిచింది.