గోడకు వీపు పెట్టిన కుర్చీ

మేం కొన్న ఇల్లు పాతది. పాతది అని మర్యాదకు అంటున్నాను. ఉన్నమాట చెప్పాలంటే ఆ ఇల్లు ఒట్టి రోత.

వంటగది తలుపు తెరిస్తే అరచెయ్యి తలుపుకే అంటుకుపోయింది. పొగ పోవడానికి గోడకు కొట్టిన కంత చుట్టూ ఎన్నేళ్ళ జిడ్డో గోధుమరంగులో గడ్డకట్టి ఉంది. గోరు పెడితే పాకంలా సాగింది. అలమరలో పరిచిన కాగితాలు లాగితే కింద బొద్దింక గుడ్లు, వాటి పక్కన ఎవరిదో విరిగిన దువ్వెన. స్నానాలగదిలో తూము మీది జల్లెడ ఎత్తిన మేస్త్రీ లోపల్నుంచి జుట్టు ముద్ద ఒకటి లాగడం మొదలుపెట్టాడు. అది ఎంత లాగినా వస్తూనే ఉంది. "మీరు బయటికెళ్ళండమ్మా" అన్నాడు. నేను అప్పటికే పెరట్లో గోడ పట్టుకుని వంగి, పొద్దున తాగిన కాఫీ అంతా కక్కేస్తున్నాను.

మా ఆయనకు ఇవేవీ పట్టలేదు. "గోడలు చూడవే, ఎంత మందమో! ఇప్పుడెవరు కడుతున్నారు ఇలా?" అని ఒక్కో గోడనూ అరచేత్తో చరిచి మురిసిపోయారు. మనిషి మంచివారే. ముక్కు ఒక్కటే పనిచేయదు.

ఆ మందపాటి గోడల్లో ఒకటి వెనకగదిలో ఉంది. గుమ్మంలోనే నా కాళ్ళు ఆగిపోయాయి. నేల దగ్గర మొదలై మనిషెత్తు దాకా పాకిన నెమ్ము మరక. అంచులు పసుపు, మధ్యలో బూడిదా ఆకుపచ్చా కలిసిన రంగు, ఉప్పు తేలి పెచ్చులు లేచిన సున్నం, ఒక మూల నల్లటి బూజు చుక్కలు. ఆ వాసన నాకు కొత్త కాదు. బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు.

మేం పెరిగింది ఒక అద్దెగదిలో. గోడకు అవతల ఇంటివాళ్ళ స్నానాలగది. వాళ్ళు పోసుకున్న నీళ్ళలో సగం మా గోడే తాగేది. అమ్మ ఏటా ఆ గోడ గీకి సున్నం కొట్టేది. నెల తిరక్కుండా మరక మళ్ళీ అక్కడే తేలేది. గీకినకొద్దీ లోపల ఇంకా నల్లగా ఉండేది. నా బట్టలకూ, పుస్తకాలకూ, జడకూ అదే ముక్కిపోయిన వాసన. బళ్ళో నా పక్కన కూర్చునే పిల్ల తన చోటు మార్చమని టీచర్ని అడిగింది. ఎందుకంటే నోటితో చెప్పకుండా ముక్కు మూసుకుని చూపించింది. క్లాసంతా నవ్వింది. ఇప్పటికీ ఎవరైనా నా దగ్గర ముక్కు చీదితే నా చీర కొంగు నేనే వాసన చూసుకుంటాను.

ఇంటికి ఎవరైనా వస్తే అమ్మకు ఒక పద్ధతి ఉండేది. మాకున్న ఒక్క కుర్చీని గబగబా తిప్పి, గోడకు వీపు పెట్టి వేసేది. వచ్చినవాళ్ళ కళ్ళు వీధివైపు, మరక వాళ్ళ వీపువైపు. "ఇలా కూర్చోండి, గాలి వస్తుంది" అనేది. వాళ్ళు లేచి వెళ్ళేదాకా గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. మాట ఆపితే వెనక్కి తిరుగుతారని భయం.

అమ్మ ఇంకా ఆ గదిలోనే ఉంది. దగ్గు పట్టుకుంది. "ఆ గది వదలనంతకాలం నా మందులు గోడకు పోసినట్టే" అని డాక్టరు మొహం మీదే చెప్పాడు. రమ్మంటే రాదు. "అల్లుడుగారి ఇంట్లో నా దగ్గెందుకే" అంటుంది. చివరికి నేను బాగుచేయించబోయే ఆ వెనకగది గోడనే ఎరగా చూపి ఆశపెట్టాను. "నీకంటూ ఒక గది అమ్మా. తెల్లటి గోడలు. చెయ్యి ఆనిస్తే పొడిగా ఉంటాయి." అమ్మ దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది. తర్వాత, "వచ్చి చూస్తాను. మీకు ఏ కాస్త ఇబ్బంది అనిపించినా వెనక్కి వచ్చేస్తాను. ఇక్కడి గది మాత్రం వదులుకోను" అంది. అలా సగం మనసుతో ఒప్పుకుంది. మిగతా సగం ఆ వెనకగది గోడ చేతిలో ఉంది.

సరిగ్గా అప్పుడే మా ఆడపడుచు దిగింది. మా ఆయన బాబాయి కూతురు. ఇళ్ళ లోపలి అలంకరణ చదువుకుంది. నోరు తెరిస్తే ఇన్‌స్పిరేషన్ అంటుంది కాబట్టి నేను చాటుగా ప్రేరణమ్మ అని పిలుస్తాను. చాటుగా అంటే, తనకు వినపడేంత చాటుగా. మేస్త్రీ సుత్తి ఎత్తేసరికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"వదినా, ఆగు! ఎవ్వరూ ముట్టుకోవద్దు!"

ఫోను తీసి ఆ మరకను ముందు నుంచి, పక్క నుంచి, నేల మీద కూర్చుని కింద నుంచి ఫొటోలు తీసింది. బూజు దగ్గర మొహం పెట్టి మరీ తీసింది. చూస్తుంటేనే నా ఒళ్ళు జలదరించింది.

"ఈ రంగులు చూడు. దీనికోసం జనం పడి చస్తున్నారు. పైన అద్దంలాంటి పూత ఒకటి వేసి ఇలాగే ఉంచేద్దాం."

"ఏది? బూజా?"

"బూజనకు వదినా. అది కాలం."

"కాలానికి ఇంత కంపెందుకే?"

తను నవ్వేసి ఫోనులో బొమ్మలు చూపించింది. పెచ్చులూడిన గోడలు, వాటి ముందు మెత్తటి సోఫాలు. తుప్పు పట్టిన గొట్టాలు, వాటికి వేలాడే దీపాలు. ఒకచోట పగిలిన గచ్చు మీద తెల్లటి పరుపు. ఆకలంటే ఏమిటో తెలియనివాళ్ళు పస్తు ఉండటం ఎంత హాయో చెబుతున్నట్టుంది. నాకు చిర్రెత్తుకొచ్చి, "కొట్టవయ్యా" అని మేస్త్రీని కసిరాను. గోడ పగిలింది. లోపల చీలిపోయిన గొట్టం బయటపడింది. దాన్ని మార్చి, ఎండలు ముదిరేదాకా గోడను అలాగే ఆరబెట్టి, కొత్తగా పూత పూసి, లప్పం పెట్టి, నున్నగా రుద్ది తెల్లరంగు వేశారు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి ఆ గోడకు చెంప ఆనించి నిలబడ్డాను. చల్లగా, పొడిగా ఉంది. ఏ వాసనా లేదు.

ప్రేరణమ్మ వచ్చి చూసి పెదవి విరిచింది. "ఆసుపత్రిలా ఉంది వదినా. ఒక గోడనైనా మాట్లాడనివ్వవా?" అంది. మా ఆయన అటూ ఇటూ చూసి, "చెల్లెలు చెప్పేదాంట్లోనూ పాయింటుంది" అన్నారు.

ఆ పూట అన్నాలు తింటూ ఆయనకు అంతా చెప్పాను. గోడ సంగతి, నా పక్క పిల్ల సంగతి, కుర్చీ సంగతి. కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఆయన ముద్ద నోట్లో పెట్టుకునే నవ్వారు. "మీ అమ్మగారు గడుసరేనే!" అన్నారు. తర్వాత, "అయినా అది నిజం మరక. చెల్లెలు చెప్పేది డిజైను. తేడా లేదూ?" అన్నారు.

"మీ హాల్లో కావాలంటే బురద పూసుకోండి. ఆ గది జోలికి రావద్దు" అన్నాను. ఆయన తలూపారు. ఆ ఊపు చూసి, ఒప్పుకున్నారనే అనుకున్నాను.

అమ్మను తీసుకురావడానికి వెళ్ళి కొన్నాళ్ళు అక్కడే ఉన్నాను. తిరిగొచ్చేసరికి ప్రేరణమ్మ గుమ్మంలో ఫోను పట్టుకుని సిద్ధంగా ఉంది, వెనకే మా ఆయన. "కళ్ళు మూసుకోండి అత్తయ్యగారూ! వదినా, నువ్వూనూ!" అంటూ మా అమ్మను చెయ్యి పట్టుకుని వెనకగదిలోకి నడిపించింది. నేను కళ్ళు మూసుకోలేదు. అందుకే అమ్మకన్నా ముందు నేనే చూశాను.

మరక తిరిగొచ్చింది. నేను పగలగొట్టించినదే, అచ్చుగుద్దినట్టు. తను ఫొటోలు తీసుకున్నది ఇందుకన్నమాట. పెయింటరు వాటిని చూస్తూ అంచుల్లో పసుపూ, మధ్యలో ఆ కుళ్ళు ఆకుపచ్చా, లేచిన పెచ్చులూ, చివరికి మూలనున్న బూజు చుక్కలు కూడా ఒక్కటీ వదలకుండా దించాడు. నా నోట్లో నీళ్ళూరాయి. వాంతికి ముందు ఊరే నీళ్ళు.

"ఇప్పుడు తెరవండి!"

అమ్మ కళ్ళు తెరిచింది. అప్పటిదాకా మొహం మీదున్న నవ్వు అక్కడే ఆగిపోయింది.

"బాగుందమ్మా. గది పెద్దది. వెలుతురుంది. మంచం బాగుంది." గోడ తప్ప అన్నీ మెచ్చుకుంది.

"గోడ, అత్తయ్యగారూ! గోడ చూడండి!"

అమ్మ నా వైపు చూసింది. తప్పు చేసి దొరికిపోయినదానిలా చూసింది. "ఫర్వాలేదులేమ్మా. పాత ఇళ్ళన్నాక ఉంటాయి" అంది.

"చూశావా అన్నయ్యా, పెద్దవాళ్ళకే పాతదనం విలువ తెలుస్తుంది!" అని ప్రేరణమ్మ ఫోను ఆపి గంతులేసింది.

నేను మా ఆయన్ని వంటగదిలోకి లాక్కెళ్ళాను.

"ఏమిటది?"

"సర్‌ప్రైజ్..." అన్నారు గొంతు తగ్గించి. "చూస్తే నచ్చుతుందనుకున్నాం. పెయింటరు ఎంత కష్టపడ్డాడనుకున్నావ్..."

"నాకు ఆ గోడను చూస్తే కాదు, మిమ్మల్ని చూస్తే అసహ్యంగా ఉంది."

ఆయన మొహం మాడిపోయింది. మాడితే మాడనీ అనుకుని, గ్లాసుతో మంచినీళ్ళు తీసుకుని అమ్మ దగ్గరికి వెళ్ళాను.

అమ్మ ఇంకా సంచిలో బట్టలు సర్దుకోనేలేదు. అందులోంచి ఒక చీర మాత్రం లాగి, ఒక చివర కిటికీ కొక్కేనికీ ఇంకో చివర అలమర తలుపుకూ కట్టి మరకను కప్పేసింది. చీర వెనక చెయ్యి పెట్టి గోడను తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటోంది. నన్ను చూసి, "తలుపు వెయ్యి" అని గుసగుసగా అంది.

"అమ్మా, అది..."

"ష్! తడి ఇంకా పైకి రాలేదు. వాసన కూడా పట్టలేదు. ఇప్పుడిప్పుడే మొదలైనట్టుంది. అల్లుడుగారు ఇది నెమ్మని గుర్తుపట్టలేదు కదా? ఆ పిల్ల ఫోనులో తీసేసిందే! నలుగురికీ చూపిస్తే నీ పరువేం కావాలి? ఏదో ఒకటి చెప్పి ఫోనులోంచి తీసేయించు." దగ్గు వచ్చింది. చప్పుడు బయటికి పోకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అంత పోసి కొన్న ఇల్లు. మోసపోయానని తెలిస్తే ఆయన మనసెంత కష్టపడుతుంది? నేను రేపే వెళ్ళిపోతానే. నేనిక్కడ దగ్గుతూ కూర్చుంటే ఎందుకు దగ్గుతోందని చూస్తారు. గోడ సంగతి బయటపడుతుంది."

అది మరక కాదని చెప్పబోయాను. నోరు తెరిచేలోపు తలుపు తోసుకుని మా ఆయన వచ్చారు. క్షమాపణ చెప్పడానికి కాబోలు, మొహం వేలాడేసుకుని ఉన్నారు.

అమ్మ చటుక్కున లేచింది. మూలనున్న కుర్చీని లాగి, గిర్రున తిప్పి, గోడకు వీపు పెట్టి వేసింది.

"రండి బాబూ, ఇలా కూర్చోండి. గాలి వస్తుంది."

కిటికీ అద్దాలు మూసే ఉన్నాయి, ఫ్యానూ తిరగడం లేదు. ఆయన కూర్చున్నారు. అమ్మ గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. ప్రయాణం బాగా జరిగిందనీ, పక్క సీటావిడ మంచిదనీ, ఇల్లు చాలా కలిసొస్తుందనీ. ఆయన తల తిప్పి తనను ఆనుకుని వేలాడుతున్న చీరను చూశారు. కూర్చున్న కుర్చీని చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. ముద్ద నోట్లో పెట్టుకుని నవ్విన మనిషి ఇప్పుడు నవ్వలేదు.

"అప్పుడే లేస్తారేం బాబూ, కూర్చోండి కూర్చోండి" అని అమ్మ కంగారుపడుతున్నా ఆగకుండా బయటికి వెళ్ళారు. మెట్ల కింద పనివాళ్ళ సామాన్లలోంచి లప్పం బ్లేడు తెచ్చారు. చీర ముడులు విప్పి, మడతపెట్టి మంచం మీద ఉంచారు. బ్లేడు గోడకు ఆనించి గీకబోయారు.

"అయ్యో, మీరెందుకు బాబూ!" అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. "అలా నిలువుగా పట్టుకుంటే చెయ్యి తెగుతుంది. ఇలా ఇవ్వండి."

బ్లేడు లాక్కుని, వాల్చి పట్టుకుని, పైనుంచి కిందికి ఒక్క లాగు లాగింది. కుళ్ళు ఆకుపచ్చ రంగు చుట్టలు చుట్టుకుంటూ నేల మీద రాలింది. అమ్మ రెండో లాగు లాగలేదు. వంగి చూసింది. ఇంకోచోట గీకింది. బూజు చుక్కల దగ్గర గీకింది. అరచెయ్యి పెట్టి చూసింది.

"ఇదేమిటే?" అని నా వైపు తిరిగింది. "లోపల తెల్లగా ఉంది!"

"అది మరక కాదమ్మా. రంగు. అందంగా ఉంటుందని వేయించారు."

హాస్యమాడుతున్నానేమోనని నన్ను చాలాసేపు చూసింది. తర్వాత అల్లుణ్ణి చూసింది. ఆయన తల వంచుకున్నారు.

"మరకను... కావాలని వేయించుకున్నారా?"

చప్పుడు విని వచ్చిన ప్రేరణమ్మ, "అయ్యో అత్తయ్యగారూ, ఏం చేస్తున్నారు!" అని గుమ్మంలో నోరు నొక్కుకుంది.

"ఏం లేదమ్మా. కాస్త గోడ శుభ్రం చేస్తున్నాను" అంది అమ్మ.

ఇక ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అంచుల పసుపు దాకా, నేల దాకా తనే గీకింది. మధ్యమధ్య ఆగి, దగ్గి, మళ్ళీ గీకింది. రాలిన రంగు పొట్టునంతా మా ఆయన చేటలోకి ఎత్తారు. అంతా అయ్యాక అమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. సంచి విప్పి బట్టలు అలమరలో సర్దుకుంది. తర్వాత కుర్చీని గోడవైపు తిప్పుకుని, గోడను చూస్తూ కూర్చుంది.