గాలి ఎక్కడ పీలుస్తోంది

యోసేపు రబ్బరు గొట్టం ఒక కొసను చెవిలో పెట్టుకుని, రెండో కొసను ఇంజన్ పక్కగా అంగుళం అంగుళం జరుపుతున్నాడు. పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పని. రెండు డోర్ల ఎర్ర స్పోర్ట్స్ కారు అది. వయసు ఇరవై ఐదేళ్లకు తక్కువుండదు. నేలకు ఎంత దగ్గరగా ఉందంటే, లోపలికి చూడాలంటే అరవై ఒక్కేళ్ల నడుమును రెండుగా వంచాలి. సిర్గాపూర్ కాంట్రాక్టర్ బస్వరాజ్ హైదరాబాద్‌లో ఎవరి దగ్గరో ముచ్చటపడి కొన్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ దాని కడుపు గీసుకుంటుంది, ఆయన మొహం మాడుతుంది.

ఊరికే నిలబెట్టి ఉంచితే ఇంజన్ ఒకసారి గొంతు పెంచుతుంది, ఆ వెంటనే ప్రాణం పోతున్నట్టు దిగిపోతుంది. లక్షణాలన్నీ గాలివే. రావలసిన దారిన కాక, ఏ పగులులోంచో గాలి లోపలికి పోతోంది. అలాంటి చోట సన్నగా ఈల వేసినట్టు సీటీ వినపడాలి. వినపడుతూనే ఉంది. కానీ గొట్టం కుడికి జరిపితే కుడివైపు, ఎడమకు జరిపితే ఎడమవైపు, అంతటా ఒకే సీటీ. ఇదెక్కడి వింత అని యోసేపు గొట్టాన్ని తీసి దులిపి మళ్లీ పెట్టుకున్నాడు.

బస్ డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు చేశాడు. బస్సు గేటు తిరుగుతుండగానే, అన్నం ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే, "బాలప్పా, నీ బండికి మూడో ఇంజెక్టర్ పోయింది" అని డ్రైవర్‌కు కేకేసేవాడు. విప్పి చూస్తే మూడోదే. అంతకు మించి చెప్పుకోవడానికి ఆ మనిషిలో ఏమీ లేదు. పెళ్లి ఫోటోల్లో చివర నిలబడితే సగం మొహమే పడేది. చర్చిలో పాట ఎత్తుకుంటే శృతి తప్పేవాడు, భార్య గ్రేసమ్మ మోచేత్తో పొడిచేది. ఉన్నదల్లా ఆ చెవి. రిటైరయ్యాక బాలకిషన్ తన మెకానిక్ షెడ్డులోకి పిలిచింది కూడా ఆ చెవిని చూసే. అది పోతే యోసేపును ఎవరూ పిలవరు. ఆ సంగతి అందరికంటే ఎక్కువగా యోసేపుకే తెలుసు.

"ఏమన్న దొరికిందా కాకా?" జీపు కింద పడుకున్న బాలకిషన్ అడిగాడు.

"గాలి గుంజుతుంది బిడ్డా. సీటీ గొడ్తుంది, వినవడ్తలేదా?"

బాలకిషన్ బయటికి వచ్చి, తల వంచి విన్నాడు. "నాకైతే ఏం వినవడ్తలేదు. సాయంత్రం దాంక చూద్దాం. లేకుంటే జహీరాబాద్ తోలుదాం, ఆడ కంప్యూటర్ వెట్టి చూస్తరు."

కంప్యూటర్ మాట వినగానే యోసేపు గొట్టం పక్కన పెట్టాడు. రోడ్డు దాటి భీమమ్మ కిరాణా కొట్టుకు పోయి అగరుబత్తి అడిగాడు.

"ఏందే యోసేపన్నా, మా దేవుళ్ల దిక్కు మళ్లినవా?" అంది భీమమ్మ.

"బండికి" అన్నాడు యోసేపు.

వెలిగించిన అగరుబత్తిని పెట్రోలు పైపులకు దూరంగా ఒక్కో అతుకు దగ్గర పట్టాడు. గాలి పీల్చే చోట పొగ లోపలికి వంగాలి. ఎక్కడా వంగలేదు, నిటారుగా పైకి పోయింది. పొగ లేదంటోంది, చెవి ఉందంటోంది. ముప్పై ఏళ్లు అన్నం పెట్టిన చెవిని కాదని పొగను నమ్మడమెలా? చెవినే నమ్మాడు. గాలి గొట్టాలన్నీ విప్పి, గ్యాస్కెట్ అట్టను చిన్న సుత్తితో తట్టి కత్తిరించి, కొత్తది వేశాడు. మళ్లీ బిగించేసరికి నాలుగైంది. అన్నం డబ్బా మూత తీయలేదు.

స్టార్ట్ చేస్తే ఇంజన్ అలాగే ఊగింది. సీటీ కూడా అలాగే ఉంది. బాలకిషన్ తాళం తిప్పి ఆపేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి కూడా యోసేపు గొట్టం పట్టుకుని వంగే ఉన్నాడు.

"ఇంక ఏం వింటున్నవ్ కాకా?"

"సీటీనే. ఇగో, గిక్కడ జర ఎక్కువనే ఉంది."

బాలకిషన్ తాళం వైపు ఒకసారి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "ఇంజన్ బందు జేసి ఐదు నిమిషాలైంది."

యోసేపు గొట్టం తీశాడు. సీటీ పోలేదు. చెవి మీద అరచెయ్యి నొక్కి పెట్టుకున్నాడు. అప్పుడూ ఉంది. ఎప్పటినుంచి ఉందో గుర్తు తెచ్చుకోబోయాడు. వారమా, సంవత్సరమా? ఈ మధ్య విప్పిన బండ్లలో విన్న సీటీల్లో ఎన్ని బండ్లవి, ఎన్ని తనవి? భయమేసింది.

బాలకిషన్ ఈలోగా గాలి ఫిల్టర్ డబ్బా విప్పాడు. ఫిల్టర్ నూనెతో జిగటగా తడిసి ఉంది. పది రోజుల కింద ఈ కారు సర్వీసుకు వస్తే దాన్ని కడిగి నూనె రాసింది యోసేపే. ఈ ప్రాంతపు దుమ్ముకు ట్రాక్టర్లకైనా జీపులకైనా ఆయన చేసేది అదే, దుమ్మంతా నూనెకు అంటుకుని ఆగిపోవాలని. ఈ కారులో ఆ నూనె లోపలికి పోయి, గాలిని కొలిచే వెంట్రుకంత తీగకు పట్టింది. బాలకిషన్ తీగ మీద స్ప్రే కొట్టి ఆరబెట్టాడు, ఫిల్టర్ కడిగి పిండి ఎండకు పెట్టాడు. అరగంట తర్వాత స్టార్ట్ చేస్తే ఇంజన్ బుద్ధిగా నిలబడింది.

"గాలి సక్కగనే వోతుంది కాకా. తీగకు నూనె అంటింది, గంతే."

ఎవరి నూనెనో అనలేదు. తిట్టినా బాగుండేదనిపించింది యోసేపుకు. పానాలు తుడిచి డబ్బాలో సర్దాడు, ఒకటి తప్పు గడిలో పెట్టి మళ్లీ తీశాడు.

"ఇగ రేపటి సంది రాను బిడ్డా."

"గీ ఒక్క బండికే? దవాఖానకు వోదాం పా, చెవి సూపిద్దాం."

"సూపిస్త" అన్నాడు యోసేపు, కాదనడం చేతకాక. తర్వాత రోడ్డు మీదికి నడిచాడు. పక్కనే ఉన్న డిపోలోంచి ఒక బస్సు బయటికి తిరిగింది. ఆగి దాని వైపు తల వంచి విన్నాడు. అది వెళ్లిపోయాక కూడా కొంతసేపు అలాగే నిలబడి, ఇల్లున్న వైపు కదిలాడు.

బాలకిషన్ షట్టర్ సగం దించి ఆగిపోయాడు. షెడ్డులో చేరినప్పటి నుంచి ఒక్కరోజు కూడా నూనె మరకల ఖాకీ మార్చుకోకుండా ఇంటిదారి పట్టని మనిషి, ఇవాళ అలాగే వెళ్లిపోయాడు. లోపల గోడ మేకుకు, సాయంత్రం వేసుకు వెళ్లడానికి గ్రేసమ్మ గంజి పెట్టి ఇస్త్రీ చేసి పంపిన తెల్ల చొక్కా, మెడ గుండీ పెట్టింది పెట్టినట్టే వేలాడుతోంది.